వాగు పెరిగితే దాటొద్దు: వానాకాలంలో అడవి జలపాతాలకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతానికి వెళ్లిన 80 మంది దాకా సందర్శకులు అడవిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు నడిచి దాటిన వాగు తిరిగొచ్చేసరికి పొంగింది. దాటే ప్రయత్నం చేయొద్దని, ఎత్తైన చోట ఉండమని పోలీసులు ఫోన్లో చెప్పారు. వాళ్లు ఇవతలికి రాకుండా ఆగారు. ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయక దళం) బృందం రాత్రివేళ అడవిలోకి వెళ్లి వాళ్లను బయటికి తెచ్చింది. మర్నాడు ఉదయానికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లుగా నమోదైంది. ఆ వరదలోనే జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచి ప్రాణాలు తీసింది.

2024 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు ముగ్గురు చనిపోయారు. ఎగువన కురిసిన వానకు ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది.

నీళ్ల సీసా, టార్చి, గొడుగు, మంచి బూట్లు: ఇవి ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటారు. వాటి గురించి రాయడం లేదు. మనుషుల్ని చంపుతున్నది వేరే తప్పు. పొద్దున దాటిన వాగే కదా అని సాయంత్రం మళ్లీ అందులో దిగడం.

ఆ తప్పు ఎలా జరుగుతుందంటే

పొద్దున వాగు పిక్కల లోతు ఉంటుంది, అడుగున రాళ్లు కనిపిస్తుంటాయి. జలపాతం దగ్గర మూడు నాలుగు గంటలు గడుస్తాయి. మీ నెత్తిన నాలుగు చినుకులే పడి ఉండొచ్చు, ఎండ కూడా కాసి ఉండొచ్చు. కానీ వాగుకు నీళ్లొచ్చేది మీ నెత్తిమీది మబ్బు నుంచి కాదు, పైన గుట్టల మీద పడ్డ వాన నుంచి. రాతి గుట్టలు నీటిని పీల్చుకోవు. గట్టి వాన పడితే అరగంట, గంటలోనే ఆ నీరంతా కిందికి దిగుతుంది. తిరిగొచ్చేసరికి వాగు తొడల దాకా ఉంటుంది. అవతల బండి కనిపిస్తుంటుంది, చీకటి పడుతుంటుంది, గుంపులో ఎవరో ఒకరు ‘చేతులు పట్టుకుని దాటేద్దాం’ అంటారు.

దాటొద్దు.

ఎందుకంటే ప్రవాహ వేగం రెట్టింపైతే నీరు నెట్టే బలం నాలుగింతలవుతుంది. పొద్దున మోకాలి లోతులో నిలబడగలిగిన మనిషి, సాయంత్రం అదే లోతులో నిలబడలేడు. రెండో కారణం రాళ్లు. పాకుడు పట్టిన బండల మధ్య పాదం ఇరుక్కుంటే, నీరు మనిషిని ముందుకు వంచేసి ముఖం ముంచుతుంది. అలాంటప్పుడు ఈత వచ్చినా లాభం లేదు. మూడోది చేతుల గొలుసు. అలవాటు లేనివాళ్లు చేతులు పట్టుకుని దిగితే ఒకరు జారగానే పక్కవాళ్లనూ లాగేస్తారు. తాడు నడుముకు కట్టుకుని దిగడం ఇంకా ప్రమాదం. జారితే ఆ తాడే మనిషిని నీటి కింద బిగించి పట్టేస్తుంది.

పొద్దున దాటేటప్పుడు కూడా చూసి దిగండి. ఎండుపుల్ల నీళ్లలో వేసి దాని పక్కన ఒడ్డున నడవండి. మీ వడివడి నడకను అది మించిపోతుంటే, నీరు పిక్క దాటిన చోట దిగొద్దు. అడుగు కనిపించని నీళ్లలో కాలే పెట్టొద్దు. దిగేముందు వీపు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, జారితే సంచి వదిలేయడానికి. చెప్పులు విప్పి దిగొద్దు.

దాటాక మొదటి పని: నీటి అంచున ఒక రాయి పెట్టి ఫోటో తీసుకోండి. జలపాతం దగ్గర కూడా అదే చేయండి. రాయి మునిగి, నీరు దాని మీద మూడు వేళ్ల మందం ఎక్కితే ఇక అక్కడ ఉండొద్దు. తేట నీరు ఎర్రబడటం, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, హోరు మారడం, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గుండంలో ఉన్నవాళ్లందరూ ముందు గట్టెక్కాలి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లొద్దు.

ఆగడానికి సిద్ధపడి వెళ్లండి

జనం దాటేది ధైర్యం ఎక్కువై కాదు, అవతల రాత్రి గడపడానికి చేతిలో ఏమీ లేక. అందుకే వాగులు దాటి వెళ్లే చోటికి రాత్రి ఉండాల్సి రావచ్చని లెక్కేసుకునే వెళ్లాలి. ఐదారుగురికి 10×12 అడుగుల టార్పాలిన్ ఒకటి, పది మీటర్ల నైలాన్ తాడు, మనిషికో జత పొడిబట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి, లైటర్, నిండుగా ఛార్జి ఉన్న పవర్ బ్యాంకు, అటుకులు, పల్లీ పట్టీలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు మర్నాటివి కూడా తెచ్చుకోవాలి. బురద నీరు తాగకండి, టార్పాలిన్ మీద పడే వాననీరు పట్టుకోండి. ఆగే చోటు నీటిమట్టం కన్నా కనీసం 20 అడుగుల ఎత్తున ఉండాలి. వాగు మధ్య ఇసుక దిబ్బ మీద గానీ, రాళ్లు రాలే కొండవాలు కింద గానీ కూర్చోకండి. తడిబట్టల్లో గాలి తగిలితే జూలైలోనూ ఒళ్లు వణుకుతుంది. పిల్లల బట్టలు ముందు మార్చండి.

గుట్టల వాగు ఎంత తొందరగా పెరుగుతుందో, వాన ఆగితే అంత తొందరగా తగ్గుతుంది కూడా. చాలాసార్లు కొన్ని గంటల ఓపికే కావాలి. వాన ఆగకపోతే మీరూ ఆగండి. దాటొద్దు.

బయల్దేరే ముందు

వాతావరణ శాఖ ములుగు జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చిందో చూస్తే సరిపోదు. వెంకటాపురం, వాజేడు వైపు గుట్టల అవతల ఛత్తీస్‌గఢ్ ఉంది. బీజాపూర్ జిల్లా సూచన కూడా చూడండి. ఆరెంజ్, రెడ్ అయితే మానేయండి. అంతకుముందు రెండు రోజులు ముసురు పట్టి ఉంటే ఎల్లో అయినా మానేయండి, నేల నానిపోయి ఉంటుంది కాబట్టి చిన్న వానకే వాగు పొంగుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. నది నిండుగా ఉంటే వాగుల నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది, వాజేడు వైపు రోడ్లు మునుగుతాయి. అప్పుడు అడవి నుంచి బయటపడ్డా ఇంటికి దారి ఉండదు.

వెళ్లిరావడానికి ఎన్నిచోట్ల వాగులు, ఒర్రెలు దాటాలో ఊళ్లో అడిగి కాగితం మీద రాసుకోండి. తడి అడవిలో గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్ల కన్నా ఎక్కువ నడవలేరు. ఎనిమిది కిలోమీటర్ల దారికి మూడు గంటల పైనే పడుతుంది. చెట్ల కింద సాయంత్రం ఆరింటికే మసక. కాబట్టి జలపాతం ఇంకా కనిపించకపోయినా ఒంటిగంటకు వెనక్కి తిరగాల్సిందే.

అటవీశాఖ వద్దన్న చోటికి చెక్‌పోస్టు తప్పించుకుని వెళ్తున్నారు. అలా వెళ్తే మీరు లోపలున్నట్టు ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని మనిషిని ఎవరూ వెతకరు. పులుల అభయారణ్యాల్లో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేస్తారు, ఆ మూడు నెలలు అటు ఆలోచించొద్దు.

ఇక మిగతావి:

ఆ ఊరి మనిషిని వెంట తీసుకెళ్లండి. కూలి ముందే మాట్లాడుకోండి. వద్దు అని ఆయనంటే వద్దంతే, బతిమాలొద్దు.

బాట వదలొద్దు. వెంకటాపురం, వాజేడు గుట్టల్లో మందుపాతరలు పేలి మనుషులు పోయారు.

ఎక్కడికి, ఏ దారిన, ఎంతమంది, బండి నంబరు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు: ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. ఆ టైం దాటితే 112కు చేయమని చెప్పండి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

మద్యం తాగినవాళ్లను వాగు దాకా రానివ్వొద్దు.

గుండంలో పైనుంచి దూకొద్దు. జలపాతం తల మీద నిలబడి సెల్ఫీ వద్దు.

ఉరుము వినపడితే నీళ్లలోంచి బయటికి రండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

ఎవరైనా కొట్టుకుపోతే వెనకే దూకొద్దు. కర్ర, తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను విసరండి.

మీరే కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి కాళ్లు దిగువకు చాపండి. నీళ్లు నెమ్మదించేదాకా నిలబడే ప్రయత్నం చేయొద్దు.

పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కాలు కదలకుండా కట్టి మోసుకురండి. 108.

కల్వర్టు మీద నీరు పారుతుంటే బండి దించొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్నకారును తోసేస్తుంది.

పొడవు చేతుల చొక్కా, దోమల క్రీము. తిరిగొచ్చిన నెలలోపు జ్వరమొస్తే ఏజెన్సీ అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు ముందే చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.

వాగు పెరిగితే దాటొద్దు. అవతల అంబులెన్సు ఉన్నా, ఊరివాళ్లు రమ్మని చేతులూపుతున్నా, రేపు ఆఫీసు ఉన్నా దాటొద్దు.