రామప్పకు పోతే పెన్సిలు వెంట పెట్టుకోండి

హన్మకొండలో ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. మొదటిసారి నలభై మంది పిల్లల్ని బస్సులో రామప్పకు తీసుకుపోయినప్పుడు గుడి మొత్తం ముప్పావుగంటలో చూసేశాం. తెల్లారి బడిలో అడిగాను, ఏం చూశార్రా అని. "కోతులు సార్" అన్నాడొకడు. "ఐసుబండి" అన్నాడు ఇంకొకడు. తప్పు వాళ్లది కాదు, చూపించడం నాకే రాలేదు. ఆ తర్వాత ఏటా పోతూ, పోయినప్పుడల్లా ఏదో ఒకటి మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఇంటికి చుట్టాలొచ్చినా ఈ తీరులోనే తిప్పుతాను.

సంచిలో పెట్టుకోవాల్సినవి: పెన్సిలు, గీతల్లేని నోటుబుక్కు, చేతి టార్చి, మూరెడు దారం, దాని కొసకు కట్టడానికి ఓ చిన్న రాయి, సగం నీళ్లున్న సీసా. ఎండాకాలమైతే మేజోళ్లు కూడా. చెప్పులు బయటే విడవాలి. పదకొండు దాటితే ఆ రాతి అరుగు మీద అడుగు వేసినవాడికి శిల్పాలు కనిపించవు, చెట్టు నీడ ఒక్కటే కనిపిస్తుంది.

గుడి ఉన్నది ములుగు జిల్లా పాలంపేటలో. హన్మకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పక్కకు మళ్లి వెంకటాపూర్ మీదుగా పోవాలి. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ దారి జోలికి పోకండి. పొద్దున్నే బయల్దేరండి. గుడి తూర్పు ముఖం, ఏటవాలు ఎండ పడినప్పుడే చెక్కడాలు లేచి నిలబడతాయి.

లోపలికి పోగానే అందరూ నంది దగ్గరికి ఉరుకుతారు. మీరు ముందు శాసనం దగ్గరికి పోండి. ఆవరణలోనే చిన్న మంటపంలో రాతి స్తంభం మీద ఉంటుంది. శక సంవత్సరం 1135, అంటే 1213. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు. అందుకే స్వామి అసలు పేరు రుద్రేశ్వరుడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా రుద్రేశ్వరాలయం పేరుతోనే. రామప్ప అనేది గుడి చెక్కిన శిల్పి పేరని జనం నోట వస్తున్న మాట. కట్టించిన దొర పేరు రాతి మీద ఉండిపోయింది, చెక్కినవాడి పేరు ఊరి నాలుక మీద నిలిచింది. డ్రాయింగు మాస్టరును కదా, నా మొగ్గు ఎటో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అరుగు ఎక్కండి. ఆరడుగుల ఎత్తు, నక్షత్రం ఆకారంలో మూలలు మూలలుగా ఉంటుంది. దాని మీదే గుడి చుట్టూ ప్రదక్షిణం చేయవచ్చు. మొదటి చుట్టులో ఏనుగుల వరసను మాత్రమే చూడండి. రెండు ఏనుగులను పట్టుకుని తొండం, కాలు, తోక పోల్చండి. నా మనుమరాలు ఈ ఆటలోనే గంట గడిపింది. "తాతా, ఇది అలిగింది" అంటుంది ఒకదాన్ని చూపించి.

రెండో చుట్టుకు తల ఎత్తండి. గోడలు ఎర్ర ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా ఆనించిన బొమ్మలు మాత్రం నల్లరాయి. వీళ్లే మదనికలు, పన్నెండు మంది. ఒకామె ఒంటిమీద పాము ఉంటుంది, ఇంకొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. గైడ్లు ఆ చెప్పుల దగ్గర ఆగి, ఫ్యాషను అప్పుడే ఉందని నవ్వించి ముందుకు పోతారు. మీరు పోకండి. పన్నెండు మందిలో ఒక్కరిని ఎంచుకుని కింద కూర్చోండి, ఇరవై నిమిషాలు గీయండి. గీత రాకపోయినా ఫరవాలేదు, నోటుబుక్కు ఎవరికీ చూపించనక్కర్లేదు.

దారానికి రాయి కట్టి, చెయ్యి చాపి, ఆ దారం బొమ్మ మెడ గుంట మీదుగా వేలాడేటట్టు పట్టుకోండి. నడుము ఎటు జరిగిందో, బరువు ఏ కాలు మీద ఉందో అప్పుడు తెలుస్తుంది. ఒకసారి ఏడో తరగతి అమ్మాయి గీసింది చెరిపి మళ్లీ గీస్తూ, "సార్, ఈమె నిలబడ్తలేదు, ఆడుడు మధ్యల ఆగింది" అన్నది. నేను అన్నేళ్లలో చెప్పలేకపోయిన ముక్క అది.

ఆట అంటే, అదే నాట్యం అంటే, గుర్తొచ్చింది. గణపతిదేవుడి గజసేనకు అధిపతి జాయప సేనాని నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చూసి ఈ బొమ్మలు చెక్కారని ఎవరైనా చెబితే సంవత్సరాలు లెక్కవేయండి. గుడి 1213, పుస్తకం 1253 ప్రాంతం. ముందు వచ్చింది రాయి! అప్పటి ఆట ఇద్దరి కళ్ల ముందూ ఉంది, ఒకరు చెక్కారు, ఒకరు రాశారు. మన కాలంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఆ పుస్తకమూ కావలసి వచ్చింది, ఈ గోడలూ కావలసి వచ్చాయి. మీ పిల్లలు నాట్యం నేర్చుకుంటుంటే ఇక్కడ ఆ భంగిమలు పట్టమనండి. మోకాలు ఎంత వంచాలో రాయే చెబుతుంది.

ఇక లోపలికి. రంగమంటపంలో నాలుగు నల్ల స్తంభాలు అద్దంలా మెరుస్తుంటాయి. టార్చిని బొమ్మకు ఎదురుగా కొట్టకండి, పక్క నుంచి వేయండి. దూలాల మీద క్షీరసాగర మథనం అప్పుడే బయటపడుతుంది. సన్న చెక్కడాల్లో సూది పట్టేంత రంధ్రాలుంటాయి, వెనక నుంచి వెలుతురు పడితే ఆ పనితనం తెలుస్తుంది. వేలితో కొడితే సరిగమలు పలికే బొమ్మ ఉందని ఎవరో ఒకరు చూపిస్తారు. ఒకరు కొట్టి చూపిస్తే విని ఊరుకోండి. ఎనిమిది వందల ఏళ్ల రాయిని ప్రతి బస్సు వాళ్లూ కొడితే ఎట్లా?

సీసాను మంటపం నేల మీద పడుకోబెట్టండి. నీళ్లు ఒక పక్కకు పోతాయి, ఇంకొంచెం జరిపితే ఇంకో పక్కకు. నేల ఎగుడుదిగుడుగా కుంగింది. పునాది గుంతలో ఇసుక నింపి, దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. భూమి కదిలితే ఆ అదురును ఇసుక మింగుతుంది, గుడి పైకి రానివ్వదు. పైన శిఖరం కట్టిన ఇటుకలు నీళ్లకంటే తేలిక, వేస్తే తేలతాయి. వింత అని అందరూ అదే చెబుతారు గానీ, ఇసుక మీద కూర్చున్న కట్టడానికి నెత్తి బరువు తగ్గించాలన్న మేస్త్రీ తెలివి అందులో ఉంది. కిందిదీ పైదీ కలిపి చెబితే పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. ఇటుక ముక్క కోసం మాత్రం చుట్టుపక్కల వెతకకండి.

నందిని చివరికి ఉంచాను. ఒక చెవి ముందుకు పెట్టి, స్వామి పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంటుంది. మెడ గంటలు, పట్టెడలు ఒక్కొక్కటే లెక్కపెట్టండి. నాకు ప్రతిసారీ వేరే లెక్క వస్తుంది.

అక్కడి నుంచి నేరుగా ఇంటికి తిరిగితే సగమే చూసినట్టు. దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది, అదీ రేచర్ల రుద్రుడి కాలం నాటిదే. గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు ఆపారు. కాకతీయులు గుడి ఎక్కడ కడితే అక్కడ చెరువు తవ్వించారు, దీపానికి నూనె కావాలన్నా కింద పొలం పండాలి కదా. ఆ పొలాలు ఇప్పటికీ ఈ నీళ్లతోనే పచ్చగా ఉన్నాయి. కట్ట మీద కూర్చుని సద్ది విప్పుకోండి. మేమైతే పెరుగన్నం, మామిడికాయ తొక్కు తీసుకుపోతాం. ఒక కన్ను సంచి మీద ఉంచండి, కోతుల సంగతి ఆ పిల్లగాడు నిజమే చెప్పాడు.