రూట్ లెక్కకి జెనెటిక్ అల్గారిదమ్ (ఉన్న జవాబుల్ని కలుపుతా, కాస్త మారుస్తా మేలైందాన్ని వెతికే ప్రోగ్రామ్) రాస్తున్నారా, ముందు ఇది చూసుకోండి

రొయ్యల మేత వ్యాన్‌కి రూటు వేద్దామని మామూలు క్రాసోవర్ (రెండు రూట్లు కలిపి కొత్తది చేసే పని) పెట్టా, ఏందబ్బా ఇది అని రెండ్రోజులు తల పట్టుకున్నా. నెల్లూరు-కోవూరు-కావలి-కందుకూరు ఒకటి, కందుకూరు-కావలి-నెల్లూరు-కోవూరు ఇంకోటి, మధ్యకి కోసి దీని ముందు సగం దాని వెనక సగం అతికిస్తే నెల్లూరు-కోవూరు-నెల్లూరు-కోవూరు వచ్చింది, కావలి కందుకూరు గల్లంతు! ఇట్టాంటి తప్పు రూట్లకి మార్కులు తగ్గించే పెనాల్టీలేసి సరిచెయ్యాలని చూడమాకండి, టైమ్ దండగ. రూట్‌ని ఊళ్ల వరసగా రాసే పద్ధతి అట్నే ఉంచి క్రాసోవర్ మార్చండి, ఆర్డర్ క్రాసోవర్ అని 1985లో డేవిస్ అనే పరిశోధకుడు చెప్పిందే, ఒకదాన్లో ముక్క కదపకుండా పెట్టి మిగతా ఊళ్లు రెండోదాని వరసలో నింపుద్ది, ఏ ఊరూ రెండుసార్లు రాదు. మ్యుటేషన్‌కి, అంటే ఒక్క రూట్‌లోనే కాస్త మార్పు చెయ్యడానికి, రెండూళ్లు మార్చుకునే స్వాప్ కన్నా మధ్య ముక్కని తిరగేసేది మేలు, స్వాప్‌లో పక్కపక్క ఊళ్లని కలిపే లింకులు నాలుగు దాకా తెగుతాయి, దీన్లో రెండే. వన్‌వేలు ఎక్కువుంటే మాత్రం తిరగేస్తే ముక్క లోపలి దూరాలు కూడా మారతాయి, అప్పుడు ముక్కని ఎత్తి వేరేచోట పెట్టే రకం చూడండి.