దూరప్రయాణాల బైక్‌కు సస్పెన్షన్ మార్చుకోవడం ఎలా?

మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని, రెండు సంచులు కట్టుకుని బెంగళూరులోని హెబ్బాళ దాటి అనంతపురం బయల్దేరిన ప్రతిసారీ, బాగేపల్లి చేరేసరికి ఆమెకు నడుము పట్టేసేది. నేను ఒక్కడినే వెళ్లిన రోజు అదే బండి, అదే 44వ నంబరు జాతీయ రహదారి, ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మొదట సీటు మార్చాను. తర్వాత టైర్లలో గాలి తగ్గించి చూశాను, అది పొరపాటు. చివరికి ఒక టేపు పట్టుకుని కొలిస్తే సంగతి బయటపడింది. మేమిద్దరం ఎక్కగానే వెనక షాక్ అబ్జార్బర్లు సగానికి పైగా కుంగిపోతున్నాయి. గుంత వచ్చినప్పుడు కదలడానికి వాటికి మిగిలిన చోటు చాలా తక్కువ.

అందుకే నా మొదటి మాట: ఖరీదైన షాక్ కొనే ముందు కొలవండి. స్ప్రింగ్ పని బరువు మోయడం. లోపలి నూనె, వాల్వుల పని ఆ స్ప్రింగ్ ఊగును అదుపు చేయడం. దీన్నే డ్యాంపింగ్ అంటారు. బరువుకు తగని స్ప్రింగ్ ఉన్నంతకాలం ఎంత గొప్ప డ్యాంపింగ్ పెట్టినా ఆ డబ్బు వృథా. చాలామంది ఈ వరుసను తిరగేసి, షాక్ మీది బంగారు రంగు డబ్బా చూసి కొనేస్తారు.

కొలతకు ముందు

ఉన్న బండి ఆరోగ్యం చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడు, ఇద్దరు కూర్చునే బరువుకు తయారీదారు పుస్తకంలో ఇచ్చిన ఒత్తిడికి గాలి నింపండి. ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్ల, ట్యూబుల మీద వేలితో తుడిస్తే నూనె అంటుకుంటే ఆయిల్ సీలు పోయినట్టే. ముందు చక్రం పైకి లేపి, ఫోర్క్ అడుగుభాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుటక్కుమని తగిలితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులైంది. వెనక చక్రాన్ని పక్కలకు ఊపి, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా చూడండి. ఇవి అరిగిన బండికి కొత్త సస్పెన్షన్ వేస్తే మార్పు తెలియదు.

కుంగుడు కొలవడం

మెకానిక్కులు దీన్ని సాగ్ అంటారు. తెలుగులో కుంగుడు అనుకుందాం. ఎక్కేవారు కాక మరో ఇద్దరు కావాలి: బండిని నిటారుగా పట్టుకునేవారు, టేపు చదివేవారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పొద్దున ఈ పని అరగంటలో అయిపోయింది.

బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి వెనక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు మధ్య నుంచి నేరుగా పైన ఉన్న బాడీ మీద ఒక గుర్తు దాకా కొలవండి. ఇది మొదటి కొలత. తర్వాత స్టాండ్ దించి, ఎవరూ ఎక్కకుండా బండి తన బరువుతోనే నిలిచినప్పుడు రెండో కొలత. మూడోది అసలైన ప్రయాణపు బరువుతో: హెల్మెట్, జాకెట్ వేసుకున్న మీరు, వెనక కూర్చునేవారు, నిండిన సంచులు, నిండు ట్యాంకు. ఇంట్లో వేసుకునే బట్టలతో ఎక్కి కొలిస్తే అంకె తప్పుతుంది.

సీళ్ల రాపిడి వల్ల బండి ఒకే చోట ఆగదు. కాబట్టి రెండో, మూడో కొలతల్లో ఒకసారి సీటును కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, మరోసారి పైకి లేపి మెల్లగా వదిలి కొలవండి. రెండింటి సగటు తీసుకోండి. ముందు ఫోర్క్‌కు పని తేలిక: లోపలి ట్యూబుకు ఒక కేబుల్ టై బిగిస్తే ఎంత కుంగిందో అదే చూపిస్తుంది.

మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే వచ్చేది బరువుతో కుంగుడు. రోడ్డు ప్రయాణాలకు ఇది చక్రం మొత్తం కదలికలో సుమారు 30 నుంచి 33 శాతం ఉండాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వెనక చక్రం కదలిక 88 మిల్లీమీటర్లు. అంటే 26 నుంచి 29 మిల్లీమీటర్లు కుంగితే చాలు. పాత హిమాలయన్ 411కు వెనక 180 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి 54 నుంచి 60 దాకా కుంగవచ్చు. పక్కింటివారి బండి అంకె మీ బండికి పనికిరాదు.

మొదటి కొలతలోంచి రెండోది తీసేస్తే ఖాళీ బండి కుంగుడు తెలుస్తుంది. దీన్ని ఎక్కువమంది కొలవరు. కానీ స్ప్రింగ్ మెత్తనో గట్టిదో చెప్పేది ఇదే. నా బండి వెనక చక్రం కదలిక 110 మిల్లీమీటర్లు. ఖాళీగా 14, నేనొక్కడినే ఎక్కితే 34, ఇద్దరమూ సంచులతో ఎక్కితే 62 కుంగింది. స్ప్రింగ్‌ను ముందే కొంత నొక్కి ఉంచే ప్రీలోడ్ రింగును సి ఆకారపు పానాతో చివరిదాకా తిప్పాను. ఇద్దరితో 50కి తగ్గింది, ఇంకా 45 శాతం. ఖాళీ కుంగుడు మాత్రం 2కి పడిపోయింది, అంటే దాదాపు ఏమీ మిగల్లేదు. అర్థం స్పష్టం: స్ప్రింగ్ మా బరువుకు మెత్తన.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. బండి పైకి లేస్తుంది, అంతే. నా అంకెలు చూడండి: ఖాళీ కుంగుడు 12 మిల్లీమీటర్లు తగ్గితే, ఇద్దరితో కుంగుడు కూడా సరిగ్గా అంతే తగ్గింది. బరువుతో కుంగుడు సరిపోయి ఖాళీ కుంగుడు సున్నా దగ్గర ఉంటే గట్టి స్ప్రింగ్ కావాలి. బరువుతో కుంగుడు సరిపోయినా ఖాళీ బండే బాగా కుంగుతుంటే స్ప్రింగ్ మీకు మరీ గట్టిది.

ఏమి కొనాలి

అమ్మేవారికి నాలుగు సంగతులు చెప్పండి: హెల్మెట్, జాకెట్‌తో సహా మీ బరువు, వెనకవారి బరువు, సామాను బరువు, ఎక్కువగా తిరిగే రోడ్డు. స్ప్రింగ్ రేటు ఎంతో అడగండి. రేటంటే ధర కాదు, స్ప్రింగ్ ఒక మిల్లీమీటరు కుంగడానికి ఎంత బరువు కావాలన్నది. మంచి స్ప్రింగ్ మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది. ఆ అంకె చెప్పలేని దుకాణంలో కొనకండి. బండి విడిభాగాలు అమ్మే జె.సి. రోడ్డులో నేను రెండు మూడు చోట్ల అడిగితే ‘ఈ బండికి ఇదే వస్తుంది సార్’ అన్నారు తప్ప అంకె చెప్పలేదు. అక్కడ క్లచ్ ప్లేట్లు తెచ్చుకున్నాను, స్ప్రింగులు మాత్రం తెచ్చుకోలేదు.

థాయిలాండ్‌కు చెందిన వైఎస్ఎస్, నెదర్లాండ్స్‌కు చెందిన హైపర్‌ప్రో, 1976లో స్వీడన్‌లో మొదలైన ఓలిన్స్ ఈ రంగంలో పేరున్నవి. ధరలో వీటి మధ్య చాలా అంతరం ఉంది. ఒక్క లక్షణానికి మాత్రం డబ్బు పెట్టమంటాను: చేత్తో తిప్పే హైడ్రాలిక్ ప్రీలోడ్ నాబ్. వారమంతా మారతహళ్లి ఆఫీసుకు ఒక్కరే వెళ్లి, శనివారం ఇద్దరితో సామానుతో బయల్దేరేవారికి దాని విలువ తెలుస్తుంది. పానా వెతుక్కోవలసిన పని ఉంటే ఎవరూ ప్రీలోడ్ మార్చరు.

కొత్త షాక్ పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవు పెరిగితే వెనక భాగం లేచి స్టీరింగ్ కోణం మారుతుంది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరుగుతుంది. బండి వారంటీలో ఉంటే షోరూంలో ముందే అడగండి.

ముందు ఫోర్క్

వెనక గట్టిపరచి ముందు వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు మీద పడినట్టు వంగుతుంది. ఫోర్క్ స్ప్రింగులు, నూనె కలిపి మంచి వెనక షాక్ ధరలో చిన్న భాగమే. మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్ అయితే పనిముట్లు, ఓపిక ఉన్నవారు ఇంట్లో చేసుకోవచ్చు. తలకిందుల ఫోర్క్‌కు, డ్యాంపింగ్ భాగం విడి గొట్టంలో ఉండే క్యాట్రిడ్జి ఫోర్క్‌కు ప్రత్యేక పనిముట్లు కావాలి కాబట్టి వాటిని వర్క్‌షాపుకే ఇవ్వండి.

ఇంజిన్ కింద గట్టి ఆధారం పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపండి. బండి కదలకుండా కట్టాకే పని మొదలుపెట్టండి. ముందు పై క్లాంపు బోల్టు వదులు చేయండి. ఫోర్క్ ఇంకా కింది క్లాంపులో బిగిసి ఉండగానే పై మూతను కొంచెం కదిలించండి. బయటికి తీశాక అది తిరగడం కష్టం. ఫోర్క్ బయటికి వచ్చాక మూతను పూర్తిగా విప్పేటప్పుడు ముఖం దూరంగా ఉంచి, అరచేత్తో నొక్కి పట్టుకోండి. కింద స్ప్రింగ్ ఒత్తిడి ఉంటుంది. స్ప్రింగ్ తీసి, ఫోర్క్‌ను బోర్లించి, పలుమార్లు ఆడిస్తూ పాత నూనెను పూర్తిగా వంచేయండి. నల్లబడిన నూనె, చేపల వాసన లాంటి వాసన చూస్తే ఇన్నాళ్లు ఎందుకు ఆగామా అనిపిస్తుంది.

కొత్త నూనె తయారీదారు చెప్పిన రకమే పోయండి. చాలా బండ్లకు 10డబ్ల్యు వాడతారు, ఇది నూనె చిక్కదనాన్ని చెప్పే గుర్తు. అయితే ఒక బ్రాండు 10డబ్ల్యు మరో బ్రాండు 10డబ్ల్యు అంత చిక్కగా ఉండకపోవచ్చు. ఫోర్క్ రెండు కాళ్లకూ ఒకే డబ్బాలోది పోయండి. పోశాక ఫోర్క్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి లోపలి గాలిని బయటికి పంపాలి. స్ప్రింగ్ లేకుండా, ఫోర్క్‌ను పూర్తిగా నొక్కి, ట్యూబు పై అంచు నుంచి నూనె ఎంత లోతులో ఉందో కొలవండి. రెండు వైపులా ఒకే లోతు ఉండాలి. ఎంత పోశామన్న లెక్క కంటే ఈ లోతే ముఖ్యం, ఎందుకంటే పైన మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగ్‌లాగే పనిచేస్తుంది.

చక్రం ఎక్కించాక ముందు బ్రేకు పట్టి ఫోర్క్‌ను నాలుగైదుసార్లు నొక్కండి. ఇరుసును పట్టుకునే చిన్న బోల్టులను ఆ తర్వాతే బిగించండి. లేకపోతే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాగుతూ ఫోర్క్ పట్టేస్తుంది. అన్నింటికీ టార్క్ రెంచి, అంటే చెప్పినంత బలంతోనే బిగించే పానా, వాడండి.

వెనక షాక్

రెండు షాకులున్న బండికి ఒకటి విప్పి కొత్తది బిగించాకే రెండోది విప్పండి. స్వింగ్ ఆర్మ్ జారిపోదు. వెనక ఒకే షాక్ ఉండే మోనోషాక్ బండి అయితే చక్రం కింద చెక్క దిమ్మె పెట్టి, బోల్టు మీద భారం లేకుండా చూసుకుని లాగాలి. షాక్‌ను స్వింగ్ ఆర్మ్‌తో కలిపే లింకేజీ ఉంటే బేరింగులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఒక హెచ్చరిక: గ్యాస్ షాకుల్లో నైట్రోజన్ ఒత్తిడితో నిండి ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పకండి, వేడి చేయకండి. బిగింపు పూర్తయ్యాక బండిని నేల మీద నిలిపి గొలుసు వదులు మళ్లీ చూడండి, హెడ్‌లైట్ వెలుగు ఎక్కడ పడుతోందో సరిచేయండి.

సర్దుబాటు

మొదట కుంగుడు మళ్లీ కొలిచి ప్రీలోడ్ సరిచేయండి. గట్టి స్ప్రింగ్ వేశాక నా బండి ఖాళీగా 5, ఇద్దరితో 41 కుంగింది. 37 శాతం. సూత్రం ప్రకారం కొంచెం ఎక్కువే. ఇంకా గట్టి స్ప్రింగ్ వేస్తే ఒక్కడినే ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎముకలు కదులుతాయి కాబట్టి ఇక్కడే ఆగాను.

తర్వాత రీబౌండ్ డ్యాంపింగ్, అంటే కుంగిన స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని ఎంత అదుపు చేయాలన్నది. దీన్నే క్లుప్తంగా రీబౌండ్ అంటాను. స్క్రూను పూర్తిగా లోపలికి మెల్లగా తిప్పి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ తయారీదారు చెప్పిన చోటికి తీసుకురండి. సీటును గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి. రెండోసారి ఊగితే రీబౌండ్ తక్కువ. నీరసంగా లేస్తే ఎక్కువ. ఎక్కువైతే ప్రమాదం గుర్తించడం కష్టం: వరుస గతుకుల మీద షాక్ తిరిగి లేవకముందే మళ్లీ నొక్కుకుంటూ, మెట్టుమెట్టుగా కిందికి దిగిపోతుంది. స్ప్రింగ్ గట్టిగా ఉందని పొరపడి జనం ప్రీలోడ్ తగ్గిస్తారు, దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది.

ఒకే రోడ్డు మీద పరీక్షించండి. మా వీధి హంపులు, తర్వాత చిక్కబళ్లాపురం దాకా హైవే, ఆపైన నంది కొండ మలుపులు, ఇదీ నా దారి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు క్లిక్కులకు మించవద్దు. ప్రతి మార్పూ చిన్న పుస్తకంలో రాసుకోండి. వెనక కూర్చునేవారిని అడగండి. నా రీబౌండ్ రెండు క్లిక్కులు ఎక్కువగా ఉందని మొదట చెప్పింది మా ఆవిడే.

500 కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ టార్క్ రెంచితో మళ్లీ చూసి, కుంగుడు ఇంకోసారి కొలవండి. కొత్త స్ప్రింగులు, సీళ్లు సర్దుకున్నాక ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే.