పెళ్లి వీడియో కాపీ అయింది, సరే. తెరుచుకుంటోందా?

పెళ్లి వీడియోలు తీసే షాపు మీది. కస్టమర్ పెన్ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది, 6 జీబీ వీడియో మాత్రం ఎక్కనంటోంది. విండోస్ 'ఫైల్ ఈజ్ టూ లార్జ్' అంటోంది. చోటుకు లోటు లేదు, తేడా అంతా ఫార్మాట్‌లో, అంటే డ్రైవ్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతిలో ఉంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. ఫైల్ సిస్టమ్ ఎదురుగా ఫ్యాట్32 (FAT32) అనే పాత పద్ధతి పేరు కనబడితే, ఒక్కో ఫైలుకు 4 జీబీయే హద్దు. 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 50 మెగాబిట్లు) తీసిన వీడియో గంటకు 22.5 జీబీ తింటుంది, అంటే పదకొండున్నర నిమిషాలకే ఆ హద్దు దాటుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టం ఒక్కటే చాలు.

32 జీబీ వరకు ఉన్న మెమరీ కార్డుల్లో కెమెరాలు వీడియోను ముక్కలు ముక్కలుగా రాసేదీ ఇందుకే. మొదటి ముక్క కాపీ చేసుకుని, మిగతావి డూప్లికేట్లనుకుని కార్డు తుడిచేస్తే సగం పెళ్లి పోయినట్టే. అన్ని ముక్కలనూ, అసలు కార్డులో ఉన్న ఫోల్డర్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే తీసుకోండి.

ఖాళీ పెన్ డ్రైవ్ అయితే, పెద్ద ఫైళ్లకూ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. లోపల డేటా ఉంటే ఫార్మాట్ జోలికి పోవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'కన్వర్ట్' కమాండ్‌తో ఫ్యాట్32ను విండోస్ సొంత పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్ (NTFS)గా మార్చుకోవచ్చు, డేటా పోదు. అయినా ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి. కస్టమర్ టీవీలో పెట్టి చూసే డ్రైవ్ సంగతి వేరు: కొన్ని టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పాతపట్నం అమ్మాయి పెళ్లి వీడియో రాయగడ అత్తారింటి టీవీలో ఆడకపోతే మళ్లీ మీ షాపుకే వస్తారు. అలాంటివాళ్లకు ఫ్యాట్32 డ్రైవ్‌లో 4 జీబీ లోపు భాగాలుగా ఇవ్వడం మేలు.

ఇక కరెంటు. కాపీ సగంలో పోతే ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ ఎక్కువగా దెబ్బతింటుంది, దానికి జర్నల్, అంటే జరుగుతున్న మార్పులను రాసిపెట్టుకునే చిట్టా ఉండదు. షాపులోనే ఉండే బ్యాకప్ డిస్కును ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంచండి. బల్ల మీద పెట్టే పెద్ద హార్డ్ డిస్కుకు సొంత అడాప్టర్ ఉంటుంది. దాన్నీ యూపీఎస్‌కే, అంటే కరెంటు పోయినా బ్యాటరీతో నడిపించే పెట్టెకే తగిలించండి. కంప్యూటర్ యూపీఎస్ మీద వెలుగుతూ, డిస్కు గోడ ప్లగ్‌లో ఆరిపోతే ఏం లాభం? కొన్ని యూపీఎస్‌ల వెనక బ్యాటరీతో సంబంధం లేని సాకెట్లు కూడా ఉంటాయి, ఏ సాకెట్ ఏదో చూసి మరీ పెట్టండి.

కెమెరాలో బ్యాటరీ అయిపోయి ఎమ్‌పీ4 వీడియో ఫైలు తెరుచుకోకపోతే, సైజు 9 జీబీ చూపిస్తున్నా వీడియో ఆడదు. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచికను కెమెరా రికార్డింగ్ ఆపేటప్పుడు రాస్తుంది. ఆ పని జరగకముందే బ్యాటరీ అయిపోయింది. బొమ్మలన్నీ లోపలే ఉన్నాయి, విషయసూచిక లేని పుస్తకంలా. ఆ కార్డులో ఇంకేమీ తీయకండి. ఫార్మాట్ అసలే వద్దు. ముందు ఆ ఫైలును డిస్కుకు కాపీ చేసి, ఆ కాపీ మీదే అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. దానికి అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన ఒక మంచి ఫైలు నమూనాగా కావాలి. వేరే కెమెరాది ఇస్తే పని కాదు. స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లు ఓబీఎస్ అనే ప్రోగ్రామ్‌లో, మధ్యలో ఆగినా తెరుచుకునే ఎమ్‌కేవీ ఫైలుగా తీసి, తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో (ఫైలు రకం మార్చే ఆప్షన్) ఎమ్‌పీ4 చేసుకుంటే ఈ బాధ ఉండదు.

ఎడిటింగ్‌లో ఎక్స్‌పోర్ట్ 99 శాతం దగ్గర ఆగితే ముందు డిస్కులో ఖాళీ చూడండి. ప్రీమియర్ లాంటి ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లు బొమ్మను, ధ్వనిని వేరుగా రాసుకుని చివర్లో కలుపుతాయి, కాబట్టి తయారయ్యే ఫైలుకు రెండింతల చోటు ఉంచాలి.

పేర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. విండోస్‌లో పెట్టిన పొడవాటి తెలుగు పేరు లైనక్స్ మీద నడిచే నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) ఎక్కకపోవచ్చు. అక్కడ పేరుకు హద్దు 255 బైట్లు, తెలుగు, ఒడియా గుర్తులు ఒక్కోటి 3 బైట్లు. 'లక్ష్మి' అనే చిన్న పేరుకే ఒత్తులు, గుడి కలిపి 7 గుర్తులు, 21 బైట్లు. ఊరూ, ఇంటిపేరూ, తేదీ అంతా కలిపి ఫైలు పేరులో కూరకండి. తేదీని 12/5 అని ఏటవాలు గీతతో రాయడానికి విండోస్ ఎలాగూ ఒప్పుకోదు. 2025-05-12 అని రాస్తే వరసలో కూడా చక్కగా నిలుస్తాయి.

రోజువారీ బ్యాకప్‌కు విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ చాలు. కానీ పాడైన ఫైలు తగిలితే అది మామూలుగా పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. పొద్దున్నకి అక్కడే ఉంటుంది. స్లాష్ ఆర్ కోలన్ 2 (/R:2, రెండుసార్లే ప్రయత్నం), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (/W:5, మధ్యలో 5 సెకన్ల ఆగుదల) అని ఇచ్చి, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో చెప్పే లాగ్ ఫైలు రాయించండి. స్లాష్ ఎంఐఆర్ (/MIR) మాత్రం జాగ్రత్త, మూలంలో లేనివన్నీ బ్యాకప్‌లోనూ తుడిచేస్తుంది. పొరపాటున డిలీట్ అయిన ఫోల్డర్ రెండు చోట్లా పోతుంది.

కాపీ నెమ్మదించి, డిస్కు టక్ టక్‌మంటే డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ5 వరస, అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క చూడండి. సున్నా కాకపోతే విండోస్‌లోని డిస్కు పరీక్ష కమాండ్ చెక్‌డిస్క్ నడపకండి, ఆ స్కానింగే చివరి దెబ్బ కావచ్చు. ముఖ్యమైన ఫోల్డర్లు ముందు, మిగతావి తర్వాత తీసుకోండి.

కాపీలన్నీ ఒకేసారి పోకుండా రెండో బ్యాకప్ డిస్కును వేరే చోట ఉంచాలి. కానీ పర్లాకిమిడి నుంచి పక్కనే ఉన్న పాతపట్నానికి పంపితే అది వేరే చోటు కాదు. 2018 అక్టోబర్ 11న తీరం దాటిన తిత్లీ తుఫాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లానూ, పాతపట్నం ఉన్న శ్రీకాకుళం జిల్లానూ ఒకే రోజున కొట్టింది. జయపురంలోనో విశాఖలోనో తెలిసినవాళ్ల దగ్గర ఉంచండి. నెలకోసారి తెప్పించి, ఏవైనా మూడు ఫైళ్లు మొదట్లో, మధ్యలో, చివర్లో ఆడించి చూసి తిరిగి పంపండి.