గుడ్డ మీద చుక్కల దుప్పి: ముందు రంగు, తర్వాతే సూది

గుడ్డ మీద రంగు, కుట్టు కలిపి దుప్పి బొమ్మ చేసేవాళ్లు ముందు కోరా గుడ్డను ఉతికి గంజి వదలగొట్టండి. లేకపోతే రంగు పైపైనే నిలుస్తుంది. ఒంటికి ఇటుక రంగు, వెన్ను మీద ముదురు చార ఫాబ్రిక్ పెయింట్‌తో వేసి, ఒక రోజు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయాలి. కుట్టు ఆ తర్వాతే. నేను ఓసారి తొందరపడి చుక్కల కోసం ముడికుట్లు (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడులు) ముందే వేసేశాను. ఇస్త్రీకి చుక్కలన్నీ అప్పడాల్లా అణిగిపోయాయి!

చుక్కలు ఎక్కడ పడితే అక్కడ చల్లకండి. అసలు దుప్పికి పొట్ట దగ్గరి చుక్కలు దాదాపు గీతలా వరసకట్టి ఉంటాయి. అక్కడ 2 పోగుల తెల్ల దారంతో ముడులు దగ్గరదగ్గరగా, పైన 4 పోగులతో ఎడంగా వేయండి. పొట్ట కింద తెలుపుకి పాత పంచె నుంచి లాగిన పోగులు అతికిస్తే చాలు. కంట్లో మెరుపు చుక్క మాత్రం ఆఖరున.