పేటెంట్, ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ముందు గ్రంథాలయ కేంద్రాన్ని వినియోగించుకునే విధానం

అమెరికాలో పేటెంటుకు గానీ ట్రేడ్‌మార్కుకు గానీ దరఖాస్తు చేయదలచినవారు రుసుము చెల్లించే ముందే, తమ ఆవిష్కరణ లేదా గుర్తు ఇదివరకే మరొకరి పేర ఉందేమో ఉచితంగా వెతికి చూసుకునే సదుపాయం కొన్ని ప్రజా, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉంది. ముద్రిత పేటెంట్లను గ్రంథాలయాలకు అందజేయడానికి 1871లో చేసిన చట్టంతో మొదలైన ఈ ఏర్పాటు, 2011 నుంచి పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ రిసోర్స్ సెంటర్ల పేరుతో నడుస్తోంది. ఏ రాష్ట్రంలో ఏయే గ్రంథాలయాలు ఇందులో ఉన్నాయో పేటెంట్ కార్యాలయపు వెబ్‌సైట్‌లో చూడవచ్చు. శిక్షణ పొందిన గ్రంథపాలకులు అన్ని వేళలా అందుబాటులో ఉండకపోవచ్చు కనుక ముందుగా ఫోన్ చేసి వెళ్లడం మంచిది.

గ్రంథపాలకులు వెతికే పద్ధతిని నేర్పుతారే తప్ప మన బదులు వెతికిపెట్టరు. న్యాయసలహా ఇవ్వరు, పేటెంటు వస్తుందో రాదో చెప్పరు. ఆవిష్కరణ గుట్టును వారికి విప్పి చెప్పవలసిన అవసరమూ లేదు, అది ఏ రంగానికి చెందినదో చెబితే చాలు. ఆవిష్కర్త తన ఆవిష్కరణను బహిరంగపరచిన తేదీ నుంచి ఏడాదిలోగా అమెరికాలో దరఖాస్తు చేయవలసి ఉంటుంది కనుక, దాని గుట్టు విప్పే విషయంలో ఎక్కడైనా ఈ మాత్రం జాగ్రత్త అవసరమే.

పేటెంట్ల వెతుకులాటలో చాలామంది తడబడేది పదాల దగ్గరే. పళ్లు తోముకునే బ్రష్షును ఒకరు ఆ పేరుతోనే రాస్తే, మరొకరు నోటిని శుభ్రపరిచే సాధనమని రాస్తారు; అందువల్ల పదాలతో మొదలుపెట్టినా, అమెరికా, ఐరోపా కార్యాలయాలు కలిసి 2013లో అమల్లోకి తెచ్చిన సహకార పేటెంట్ వర్గీకరణలో (ఆవిష్కరణలను విషయాన్ని బట్టి సంకేతాలతో విభజించే పద్ధతి) సరిపడే సంకేతాన్ని పట్టుకొని, దాని ఆధారంగా పేటెంట్ కార్యాలయపు ఆన్‌లైన్ వెతుకులాట సాధనమైన పేటెంట్ పబ్లిక్ సెర్చ్‌లో గాలించాలి. 1976కు ముందటి పేటెంట్ల పాఠం స్కాన్ చేసిన పుటల నుంచి యంత్రం చదివి రాసుకున్నది కావడంతో అందులో అక్షరదోషాలు ఎక్కువ, వాటికి వర్గీకరణే నమ్మదగిన దారి. సాధారణంగా దరఖాస్తులు 18 నెలల తర్వాతే ప్రచురితమవుతాయి కాబట్టి, ఎంత శ్రద్ధగా వెతికినా ఇటీవలివి కొన్ని కంటబడవు.

ట్రేడ్‌మార్కు విషయంలో అచ్చంగా అదే పేరు లేకపోవడం చాలదు. ధ్వనిలోనో, రూపంలోనో, అర్థంలోనో పోలిక ఉండి, సరుకులు కూడా సంబంధం ఉన్నవైతే, కొనుగోలుదారులు పొరబడతారన్న కారణంతో దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. సరుకులకు 34, సేవలకు 11 చొప్పున మొత్తం 45 తరగతులున్నాయి. బొమ్మతో కూడిన గుర్తులను, బొమ్మలోని ఆకారాలకు కేటాయించిన ఆకృతి సంకేతాలతో వెతకాలి. నమోదు కాకపోయినా వాడుకలో ఉన్న పేర్లకు కూడా హక్కులుంటాయి కనుక వ్యాపార జాబితాలను, ఇంటర్నెట్‌ను కూడా చూడాలి.

దరఖాస్తును గ్రంథాలయంలో స్వీకరించరు. పేటెంటుకు పేటెంట్ సెంటర్, ట్రేడ్‌మార్కుకు ట్రేడ్‌మార్క్ సెంటర్ అనే పేటెంట్ కార్యాలయపు వెబ్ వేదికల ద్వారా ఆన్‌లైన్‌లో సమర్పించాలి. ట్రేడ్‌మార్కుకు 2025 జనవరి నుంచి ప్రాథమిక రుసుము తరగతికి 350 డాలర్లు. తిరస్కరించినా అది వెనక్కి రాదు. పేటెంటు రుసుముల్లో చాలావాటికి చిన్న సంస్థలకు 60 శాతం, అర్హతగల సూక్ష్మ దరఖాస్తుదారులకు 80 శాతం తగ్గింపు ఉంది. ముందుగా తాత్కాలిక దరఖాస్తు వేసుకున్నవారు 12 నెలల్లోగా పూర్తి దరఖాస్తు దాఖలు చేయాలి. అమెరికా వెలుపల నివాసం ఉన్నవారు ట్రేడ్‌మార్కు దరఖాస్తును అక్కడి న్యాయవాది ద్వారానే నడపాలన్నది 2019 నుంచి ఉన్న నిబంధన.