మార్చి 31 దగ్గరికొచ్చేసింది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద చెయ్యేసే ముందు

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ మీద ఉన్న ఊరు. ఇక్కడా, కాశీనగర్, గుణుపురం వైపూ చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చి బతుకుతున్నోణ్ణి. ఫిబ్రవరి వెళ్లిందంటే ఫోన్లు మొదలు, ఇయర్ ఎండింగ్ కదా ఆ కాలమ్ కలుపు ఈ రిపోర్ట్ మార్చు అని. నాలాంటి పని చేసేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి నేను తిన్న దెబ్బలు రాసి పెడుతున్నా.

ముందు పోయిన సెప్టెంబర్ సంగతి చెప్తా. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి కదా, సిమెంట్ 28 శాతం నుంచి 18కి దిగింది. 21 రాత్రి కూర్చుని ఒక హార్డ్‌వేర్ షాపు ఐటమ్ మాస్టర్‌లో (సరుకుల పేర్లు, రేట్లు ఉండే మూల జాబితా) 28 తీసేసి 18 కొట్టేసి హాయిగా పడుకున్నా. పది రోజులకి ఆ షాపాయన ఫోన్. "ఏటి బాబూ, ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 18 పడతాంది, పాతపట్నం పార్టీ ఆడిటర్ నామీద అరుస్తన్నాడు" అని. లెక్క తేలికగా ఉండడానికి వంద బస్తాలు, బస్తా 300 అనుకోండి. పాతపట్నం ఆంధ్రాలో ఉంది కాబట్టి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ. ఆగస్టులో అసలు బిల్లు 30,000 మీద అది 8,400, మొత్తం 38,400. రీప్రింట్‌లో ట్యాక్స్ 5,400, మొత్తం 35,400. అదే నంబర్, అదే తేదీ, మూడు వేలు తేడా! అవతల పార్టీ, అంటే కొన్నవాడు, 8,400కి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన ట్యాక్స్‌ని తన ట్యాక్స్‌లో తగ్గించుకోవడం) తీసేసుకున్నాడు, ఇప్పుడు చేతిలో రెండు కాగితాలు, ఏది నిజం అంటే ఏం చెప్తాం.

తప్పు నాదే. బిల్లు లైన్లో ఐటమ్ ఐడీ, ఎన్ని, ధర ఇవి మాత్రమే దాచా, ట్యాక్స్ రేటు ప్రింట్ తీసేటప్పుడు మాస్టర్ నుంచి లాక్కునేలా రాశా. కాలేజీలో నార్మలైజేషన్ చెప్పినప్పుడు ఒక విషయం ఒక్క చోటే ఉండాలి అని బుర్రకెక్కించారు, దాన్ని గుడ్డిగా పట్టుకున్నా. కానీ "సిమెంట్ రేటు ఎంత" వేరు, "ఆగస్టులో ఈ బిల్లుకి ఎంత వేశాం" వేరు, రెండూ ఒకటి కాదు, అంకె ఒకటే అయినా సరే. మొదటిది మారుతుంది, రెండోది జన్మలో మారకూడదు. అందుకని ఇప్పుడు బిల్లు కొట్టిన క్షణంలోనే ఐటమ్ పేరు, హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీలో సరుకు కోడ్), రేటు, పార్టీ అడ్రస్, జీఎస్టీ నంబర్ అన్నీ బిల్లులోనే కాపీ అయిపోతాయి. మాస్టర్ పక్కన ఇంకో టేబుల్, ఐటమ్, ఏ తేదీ నుంచి, ఎంత శాతం, అంతే. పాత బిల్లుల్ని సరిచేయడానికి ఫైల్ చేసిన జీఎస్టీఆర్-1లు (అమ్మకాల రిటర్న్‌లు) ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నా, అది వేరే కథ.

మార్చిలో అమ్మిన సరుకు ఏప్రిల్లో వాపసు వస్తే ఇదే గొడవ. వాపసుకి ఇచ్చే క్రెడిట్ నోట్ ఏ బిల్లు మీదో ఆ బిల్లుకి లింక్ ఉండాలి, రేటు అక్కడి నుంచే రావాలి. ఇవాళ్టి రేటు తీసుకుంటే అయిపోయారు.

బోర్డర్లో ఉన్నాం కాబట్టి ఇంకోటి. మనకి ఒకే పార్టీ అటూ ఇటూ రెండు షాపులు పెట్టుకుంటాడు, ఇక్కడిది 21తో (ఒడిశా కోడ్) మొదలయ్యే జీఎస్టీ నంబర్, అక్కడిది 37తో (ఆంధ్రా కోడ్). మధ్యలో పది అక్షరాలు పాన్, అవి రెండిట్లోనూ ఒకటే. పార్టీ టేబుల్లో జీఎస్టీ నంబర్‌కి ఒక్క కాలమ్ పెట్టారో, గుమస్తా అదే మనిషిని రెండుసార్లు ఎక్కిస్తాడు, బాకీ ముక్కలైపోతుంది. పార్టీ వేరు, వాడి రిజిస్ట్రేషన్లు వేరే టేబుల్. బిల్లు ఏ రిజిస్ట్రేషన్ మీద, సరుకు ఎక్కడికి పోతోంది అనేదాన్ని బట్టి ఐజీఎస్టీయా, లేక కేంద్రానికి సగం రాష్ట్రానికి సగం అని రెండు ముక్కలా తేలాలి. నంబర్ లేని రైతుకి ఆ కాలమ్‌లో "ఎన్ఏ" అని కొట్టకండి బాబూ, ఖాళీగా వదిలేయండి, డేటాబేస్ భాషలో దాన్నే నల్ అంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు అనే నియమం) పెడితే ఒక్క నల్‌నే ఒప్పుకుంటుంది, రెండో రైతు దగ్గర ఎర్రర్ వస్తుంది, దానికి నల్‌లని పక్కన పెట్టే ఫిల్టర్డ్ ఇండెక్స్ వేసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ బాధ లేదు. పాత డేటాలో ఆంధ్రాకి 28 అని కోడ్ ఉండిపోయి ఉంటుంది, అదీ ఓసారి చూడండి, ఇప్పుడు 37.

కోడ్‌లని నంబర్‌గా దాచొద్దు. కంధమాల్ పసుపు అమ్మేవాడి హెచ్‌ఎస్‌ఎన్ 0910, నంబర్ కాలమ్‌లో వేస్తే 910 అయిపోతుంది. అలాగే ఐటమ్ పేర్లు తెలుగులోనో ఒడియాలోనో కావాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ కాలమ్‌కి ఎన్‌వార్‌చార్ (అన్ని లిపులూ పట్టే రకం) పెట్టండి, మామూలు వార్‌చార్‌లో వేస్తే సాధారణంగా అన్నీ ప్రశ్నార్థకాలే, ఒకసారి అలా సేవ్ అయ్యాక వెనక్కి తీసుకురావడం అంటూ లేదు.

ఏప్రిల్ 1 పొద్దున్న మొదటి బిల్లు దగ్గర పడే బాంబు బిల్లు నంబర్. నంబర్ ఆర్థిక సంవత్సరంలో రిపీట్ కాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు, కొత్త ఏడాది మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టుకోవచ్చు. నంబర్ ఒక్కటే ప్రైమరీ కీ (ప్రతి బిల్లునీ విడిగా గుర్తించేది) అయితే ఒకటో నంబర్ ఆల్రెడీ ఉంది అంటుంది. అప్పుడు కౌంటర్ దగ్గర జనం, ఓనర్ మొహం ఎర్రగా, ఎవడో ఒకడు పాత ఏడాది డేటా డిలీట్ చేసేద్దాం అంటాడు, చేశారా మరి! సంవత్సరం ప్లస్ నంబర్ కలిపి కీ పెట్టండి, అదీ ఇప్పుడే, కాపీ డేటాబేస్‌లో సిస్టమ్ తేదీ ఏప్రిల్ 1కి మార్చి రెండు బిల్లులు కొట్టి చూసి.

టూల్స్ సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 వాడేవాళ్లకి 2026 జూలై 14తో సపోర్ట్ ఆఖరు. అయినా సరే ఈ నెలలో అప్‌గ్రేడ్ జోలికి వెళ్లకండి, మే జూన్‌లో చూసుకోండి. డేటాబేస్ క్వెరీలు రాసుకునే అజూర్ డేటా స్టూడియోకి 2026 ఫిబ్రవరి 28 వరకే అని 2025లోనే చెప్పేశారు, విజువల్ స్టూడియో కోడ్‌కి మారిపోతే సరి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత రకం ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వాళ్లు మాత్రం డేటాబేస్ సైజు ఇవాళే చూడండి, 10 జీబీ నిండితే కొత్త బిల్లు ఎక్కదు (2025 ఎక్స్‌ప్రెస్‌లో 50 ఇచ్చారు). యాక్సెస్ ఫైలు 2 జీబీ దగ్గరే ఆగిపోతుంది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ మీద ఇంకా నడుపుతున్న మిల్లులు నాకు తెలిసే ఉన్నాయి, మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలోనే చేతులు కడిగేసుకుంది, కానీ నడుస్తున్నదాన్ని మార్చి నెలలో మాత్రం కదపకండి.

ఇప్పుడు కుర్రాళ్లంతా మైగ్రేషన్ స్క్రిప్ట్‌లు (డేటాబేస్ టేబుల్స్‌ని మార్చే కోడ్) ఏఐతో రాయిస్తున్నారు, నేనూ రాయిస్తా. తప్పేం లేదు, కానీ లైవ్ పాస్‌వర్డ్ ఇవ్వకండి, వచ్చిన స్క్రిప్ట్‌లో డ్రాప్ (తీసేయడం), ఆల్టర్ (మార్చడం) అన్న ప్రతి లైనూ కళ్లతో చదవండి. నాకు ఒకసారి డబ్బుల కాలమ్‌ని ఫ్లోట్ (పైసల దగ్గర కచ్చితంగా ఉండని అంకె రకం) చేసి పెట్టింది, ఏం అనుకుందో ఏమో! డబ్బుకి డెసిమలే. మార్పు చేసే ముందూ తర్వాతా నెల నెలా ట్యాక్స్ మొత్తం తీసి ఫైల్ చేసినదానితో పోల్చండి, రూపాయి తేడా వచ్చినా వెనక్కి వెళ్లిపోండి.

బ్యాకప్ తీశాం అంటారు అందరూ, రిస్టోర్ చేసి చూశావా అంటే నోరు లేవదు. సర్వీస్ నడుస్తుండగా ఫైలు కాపీ కొట్టడం బ్యాకప్ కాదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను చూసిన ఒక షాపులో కంప్యూటర్, బ్యాకప్ హార్డ్‌డిస్క్ రెండూ ఒకే బల్ల కింద ఉన్నాయి, రెండూ నీళ్లలోనే. అప్పట్నుంచి మార్చి 31 రాత్రి బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌లలో తీస్తా, నా లాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి ఆఖరి బిల్లు ప్రింట్ తీసి చూస్తా, ఒకటి షాపు బీరువాలో, రెండోది పాతపట్నంలో మా చెల్లి వాళ్లింట్లో బియ్యం డబ్బా పైన ఉంటుంది.